ఆటోనగర్‌లో మా పాత శాంట్రోకి టైమింగ్ బెల్ట్ మార్పించాను

మా నాన్నగారి 2009 హ్యుందాయ్ శాంట్రో జింగ్‌కి విజయవాడ ఆటోనగర్‌లో టైమింగ్ బెల్ట్ (ఇంజిన్‌లో పిస్టన్లూ వాల్వులూ ఒకే లయలో కదిలేలా చూసే పళ్ల రబ్బరు పట్టీ) మార్పించి ఆరు నెలలైంది. చేయించిన రోజే రాద్దామనుకున్నాను కానీ ఈ పని బాగా జరిగిందో లేదో బండి తిరిగితే గానీ తెలియదు, అందుకే ఆగాను. అప్పట్నుంచి నాలుగు వేల కిలోమీటర్లు తిరిగింది, అందరం ఎక్కి ఏసీ వేసుకుని శ్రీశైలం ఘాట్ కూడా ఎక్కి దిగాం, ఎక్కడా పేచీ పెట్టలేదు.

షెడ్డుకి బోర్డు లేదు. మేస్త్రి గారికి అరవై దాటి ఉంటాయి, ఇద్దరు కుర్రాళ్లతో చేసుకుంటున్నారు, ఉన్న పనే సరిపోతోంది, పేరూ నంబరూ నెట్‌లో పెట్టొద్దు బాబూ అన్నారు. కాబట్టి పెట్టడం లేదు. కానీ పని ఎలా చేశారో రాస్తాను, మీ ఊళ్లో మీరు ఎవరికి బండి ఇచ్చినా ఇవే అడగొచ్చు.

అసలు నేను వెళ్లింది బెల్ట్ కోసం కాదు. బండికి 15 ఏళ్లు నిండి ఆర్‌సీ ఇంకో అయిదేళ్లకి రెన్యువల్ అయింది, ఇక ఈ అయిదేళ్లు ధైర్యంగా నడపాలంటే లోపల ఏం మార్చాలో చూపిద్దామని తీసుకెళ్లాను. మీటరు 78 వేలు. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారని మేస్త్రి గారు అడిగితే, 50 వేల దగ్గర మార్చేశామండీ అని నాన్నగారు దాచిన పాత బిల్లు చూపించాను. బిల్లులో 'బెల్ట్ మార్చబడినది' అని ఉంది, అంతే. ఆయన దాని మీద వేసిన ధర చూసి, "ఈ డబ్బులకి వచ్చేది బయటుండే ఫ్యాన్ బెల్ట్ బాబూ, టైమింగ్ బెల్ట్ కాదు. నా మాట మీద వద్దులే, మూత తీస్తాం, నువ్వే చూడు" అన్నారు.

టైమింగ్ బెల్ట్ ఇంజిన్ పక్కన ప్లాస్టిక్ మూత వెనక ఉంటుంది, బయటికి కనిపించదు. పై మూత తీయడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. బెల్ట్ వీపు అద్దంలా నున్నగా మెరుస్తోంది, అక్షరాలు సగం చెరిగిపోయాయి, ఒక అంచున దారప్పోగులు లేచి ఉన్నాయి. కంపెనీ నుంచి వచ్చిన బెల్టే ఇది, 15 ఏళ్లుగా తిరుగుతోంది! నాకు కాళ్లు చల్లబడ్డాయి, ఎందుకంటే రెండు వారాల ముందే ఆ బండిలో అమ్మానాన్నల్ని హైవే మీద హైదరాబాద్ తీసుకెళ్లి వచ్చాను.

భయం ఎందుకంటే, నిరుడు మా బావగారి కారు చిలకలూరిపేట దగ్గర టైమింగ్ బెల్ట్ తెగి ఆగింది. ముందు ఏ శబ్దమూ లేదు, ఏ లైటూ వెలగలేదు, నడుస్తున్న ఇంజిన్ టక్కున ఆగిపోయింది. బెల్ట్ బదులు చైన్ ఉన్న ఇంజిన్ అయితే చైన్ సాగినప్పుడు చాలాసార్లు గలగలమని ముందే చెబుతుంది, రబ్బరు బెల్ట్ చాలావరకు ఏమీ చెప్పకుండానే తెగుతుంది. కింద క్రాంక్ (పిస్టన్లకి కలిపి ఉండే ఇరుసు) తిరుగుతూనే ఉంటుంది, పైన క్యామ్ (వాల్వుల్ని తెరిచే ఇరుసు) ఆగిపోతుంది, తెరుచుకుని ఉండిపోయిన వాల్వులకి పిస్టన్ వచ్చి గుద్దుకుంటుంది. అన్ని ఇంజిన్లలోనూ ఇలా కాదు, కొన్నింట్లో పిస్టన్‌కీ వాల్వుకీ మధ్య చోటు ఉంటుంది, మా శాంట్రోలో లేదు. సిలిండర్‌కి మూడు చొప్పున 12 వాల్వులు, ఎన్ని వంగుతాయో అదృష్టం. బావగారికి హెడ్డు (వాల్వులుండే ఇంజిన్ పై భాగం) దింపి వాల్వులు, గాస్కెట్, లేత్ పని, బండి లాక్కొచ్చిన ఖర్చు కలిపి ముప్పై వేలు దాటింది.

మనం తక్కువ తిప్పుతాం, ఇంకా టైముందిలే అనుకుంటాం చూడండి, అక్కడే దెబ్బతింటాం. ఏడాదికి అయిదు వేలు తిరిగే బండికి బెల్ట్ మార్చాల్సిన కిలోమీటర్ల లెక్క ఎప్పటికీ రాదు, కానీ రబ్బరు ఇంజిన్ వేడికి ఏళ్ల తరబడి ఎండిపోతూనే ఉంటుంది.

సామాన్లు ఆయన తేలేదు. నన్నే పక్క వీధిలోని స్పేర్స్ షాపుకి పంపించారు, మోబిస్ (హ్యుందాయ్ ఒరిజినల్ సామాన్ల కంపెనీ) డబ్బా, దాని మీద హోలోగ్రామ్ చూసుకో, విడిగా కవర్లో పెట్టి ఇచ్చే బెల్ట్ మాత్రం ఎంత చవకైనా తేవద్దు అన్నారు. శాంట్రో జింగ్ తయారీ 2014లోనే ఆగిపోయింది కదా దొరుకుతాయా అనుకున్నాను, పావుగంటలో అన్నీ దొరికాయి. బెల్ట్, టెన్షనర్ (బెల్ట్‌ని బిగువుగా పట్టి ఉంచే చక్రం), క్రాంక్ ఆయిల్ సీల్, క్యామ్ ఆయిల్ సీల్ కలిపి 2,350 అయ్యాయి. సీల్స్ ఎందుకంటే, అవి కారితే ఆయిల్ వెళ్లి కొత్త బెల్ట్ మీదే పడుతుంది, అప్పుడు ఎంత మంచి బెల్ట్ అయినా ఉబ్బి పాడవుతుంది. వాటర్ పంప్ కూడా మార్చేద్దామా అని నేనే అడిగాను. కారిన మరక లేదు, వదులు లేదు, దాని జోలికి వద్దన్నారు. కొన్ని కార్లలో టైమింగ్ బెల్టే పంప్‌ని తిప్పుతుంది, అలాంటి బండి అయితే మాత్రం బెల్ట్‌తో పాటు పంప్ కూడా మార్పించడం మంచిది, లేకపోతే పంప్ పోయినప్పుడు ఇదంతా మళ్లీ విప్పాలి.

నాకు బాగా నచ్చింది మార్కుల దగ్గర ఆయన పడ్డ శ్రద్ధ. చక్రం విప్పి, ఆయిల్ ఛాంబర్ కింద చెక్కముక్క పెట్టి జాకీ ఆనించి, ఇంజిన్ మౌంటింగ్ విప్పారు. పాత బెల్ట్ తీయకముందే పై పుల్లీ, కింది పుల్లీ మార్కులు కలిపి, వాటి మీద వైట్‌నర్‌తో చుక్కలు పెట్టారు. కొత్త బెల్ట్ ఎక్కించి టెన్షనర్ బిగించాక కుర్రాడు సెల్ఫ్ కొట్టబోతే "ఆగరా" అని గట్టిగా అరిచారు. క్రాంక్ బోల్టుకి పానా వేసి చేత్తో నెమ్మదిగా రెండు పూర్తి చుట్లు తిప్పారు. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరుగుతుంది, మళ్లీ చుక్కలు రెండూ ఉన్నచోటికే రావాలి. బెల్ట్ ఒక్క పన్ను తేడాగా కూర్చుని ఏదైనా తగిలితే చేతికి తెలుస్తుంది, సెల్ఫ్‌కి తెలియదు. చుక్కలు సరిగ్గా వచ్చాయి, అయినా ఇంకోసారి తిప్పి చూసుకుని అప్పుడు మూత వేశారు.

పాత టెన్షనర్ నా చేతికిచ్చి తిప్పమన్నారు, ఇసుక పోసినట్టు గరగరమంది. పాత బెల్ట్‌ని వెనక్కి వంచితే ప్రతి పన్ను మొదట్లోనూ సన్నగా గీతలాంటి పగులు.

ఇబ్బందులు లేకపోలేదు. నాలుగు గంటల పని అన్నారు, క్రాంక్ పుల్లీ బోల్టు ఊడక పైపు తొడిగి పీకేసరికి సాయంత్రం ఆరయింది. కూర్చోడానికి చోటు లేదు, ముసలివాళ్లని తీసుకెళ్లకండి. బిల్లు కూడా కాగితం మీద రాసిచ్చారు, కంప్యూటర్ బిల్లు కావాలంటే అక్కడ కుదరదు. మజూరీ 1,500, పగుళ్లు వచ్చిన ఏసీ బెల్ట్, ఆల్టర్నేటర్ (బ్యాటరీ ఛార్జ్ చేసేది) బెల్ట్ కూడా మార్చినందుకు ఇంకో 700, మొత్తం 4,550. వారం తర్వాత పొద్దున్నే స్టార్ట్ చేస్తే కీచుమంటుంటే మళ్లీ వెళ్లాను, ఆల్టర్నేటర్ బెల్ట్ కొంచెం బిగించి పంపారు, డబ్బులు తీసుకోలేదు.

కాగితం బిల్లే అయినా అందులో 'టైమింగ్ బెల్ట్' అని విడిగా, తేదీ, మీటరు రీడింగ్‌తో సహా రాశారు. నాన్నగారు దాన్ని ఫైల్లో పెట్టి, పాత బిల్లు మీద 'ఫ్యాన్ బెల్ట్ మాత్రమే' అని ఎర్ర పెన్నుతో రాసుకున్నారు.