కిల్, పీకిల్, కిల్‌ఆల్: ఏది మేలు?

భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల దగ్గర పెట్టిన చిన్న లినక్స్ కంప్యూటర్ పెట్టెలను చూసుకోవడం నా పని. నాతో పనిచేసే కుర్రాళ్ళు నెలకోసారైనా అడిగే ప్రశ్న ఇది: "అన్నా, ఇరుక్కుపోయిన ప్రోగ్రామ్‌ని ఆపాలంటే కిల్ మంచిదా, పీకిల్ మంచిదా?" పోయిన పంట వరకూ పీకిల్ అనే చెప్పేవాణ్ణి. ఇప్పుడు కిల్ అంటున్నాను. కిల్, పీకిల్, కిల్‌ఆల్ మూడూ నడుస్తున్న ప్రోగ్రామ్‌ని (దాన్నే ప్రోసెస్ అంటాం) ఆపే లినక్స్ కమాండ్లే. కిల్‌కి ప్రోసెస్ నంబరు ఇవ్వాలి, మిగతా రెండిటికీ పేరు ఇవ్వాలి.

ఒక గట్టు మీది పెట్టెలో మూడు పైథాన్ స్క్రిప్టులు నడుస్తాయి. ఒకటి నీళ్ళలో డీవో (కరిగిన ఆక్సిజన్) రీడింగ్ తీస్తుంది. రెండోది డీవో పడిపోతే రైతు ఫోన్‌కి అలారం కొడుతుంది. మూడోది రోజువారీ రిపోర్టు తయారుచేస్తుంది. మూడింటి పేర్లూ 'చెరువు' అనే మొదలవుతాయి. ఒక రాత్రి రిపోర్టు స్క్రిప్టు కదలడం మానేసింది. ఇంటి నుంచి లాగిన్ అయి, నిద్రమత్తులో 'పీకిల్ మైనస్ ఎఫ్ చెరువు' అని కొట్టాను (మైనస్ ఎఫ్ అంటే పేరులోనే కాదు, మొత్తం కమాండ్‌లో ఆ మాట వెతకమని). స్క్రీన్ మీద ఒక్క అక్షరం రాలేదు, ప్రాంప్ట్ మాత్రం తిరిగొచ్చింది. రిపోర్టు మళ్ళీ స్టార్ట్ చేసి పడుకున్నాను.

పీకిల్ నేను చెప్పిన పనే చేసింది. ఆ మాట ఉన్న మూడింటినీ ఆపేసింది. చెరువులో డీవో బాగా తగ్గేది తెల్లవారుజామున, పొద్దు పొడవకముందు. సరిగ్గా ఆ వేళకి అలారం లేదు. గట్టు మీద కాపలా ఉండే తాత టార్చి వేసి చూసి, రొయ్య అంచుకి చేరి తేలుతోందని గమనించి ఏరేటర్లన్నీ (నీళ్ళలో గాలి కలిపే యంత్రాలు) వేశాడు కాబట్టి పంట దక్కింది. పొద్దున్నే ఫోన్ చేసి "బాబూ, మీ అలారం మోగలేదేంటి?" అని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు.

అందుకే నా లెక్కలో తేల్చాల్సింది ఒక్కటే. ఎంటర్ నొక్కేముందు, పోయేది ఎవరో మన కంటికి కనిపించిందా లేదా? పీకిల్‌కి పేరులో ముక్క కలిస్తే చాలు, కొట్టేస్తుంది. మైనస్ ఈ పెడితే ఎవరిని ఆపిందో చెబుతుంది కానీ, ఆపాక చెబుతుంది. కిల్‌కి నంబరు ఇవ్వాలి. నంబరు కావాలంటే ముందు వెతకాలి, వెతికితే చూస్తాం. పీగ్రెప్ కూడా పీకిల్ లాగే వెతుకుతుంది, కానీ ఎవరినీ ఆపదు, లిస్టు చూపిస్తుంది. 'పీగ్రెప్ మైనస్ ఏఎఫ్ చెరువు' అని కొడితే 2814, 2816, 2907 అని మూడు వరసలు, పక్కనే పూర్తి కమాండ్లు వస్తాయి. రిపోర్టుది 2907. 'కిల్ 2907', అంతే. పది సెకన్లు ఎక్కువ పడుతుంది, పట్టనివ్వండి.

కిల్‌లోనూ ఇబ్బంది లేకపోలేదు. ఒక అంకె తప్పితే ఇంకెవరో పోతారు, అందులోనూ రూట్‌గా (అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా) ఉంటే అడ్డుచెప్పేవాళ్ళే ఉండరు. ఒకే ప్రోగ్రామ్‌కి నలభై ప్రోసెస్‌లు ఉంటే నంబర్లు కొట్టలేం. అక్కడ పీకిలే సరైనది. అయితే అదే మాటని ముందు పీగ్రెప్‌కి ఇచ్చి లిస్టు చదవండి, ఆ తర్వాతే పీకిల్.

ఈ కమాండ్లు ప్రోగ్రామ్‌కి పంపేది ఒక సిగ్నల్, దానికో నంబరు ఉంటుంది. ఏది వాడినా మొదటి దెబ్బకే మైనస్ 9, అంటే 9వ నంబరు సిగ్నల్, వద్దు. ఏమీ చెప్పకపోతే వెళ్ళేది 15. ఆ సిగ్నల్ అందుకున్న ప్రోగ్రామ్ ఫైళ్ళు రాసుకుని, లాక్ ఫైలు (తను నడుస్తున్నానని పెట్టుకున్న గుర్తు) తీసేసి పోయే వీలుంటుంది. 9 ప్రోగ్రామ్ దాకా రాదు, లినక్స్ మూలభాగమైన కెర్నలే దాన్ని తీసేస్తుంది. మెమరీలో ఉన్న రీడింగులన్నీ దాంతోపాటే పోతాయి. పైథాన్‌లో ఇంకో మెలిక ఉంది. 15కి హ్యాండ్లర్ (సిగ్నల్ వస్తే ఏం చేయాలో చెప్పే కోడ్) మనం రాసుకోకపోతే, చివర్లో సర్దుకోవడానికి రాసే ఫైనల్లీ బ్లాక్ కూడా నడవదు. నా స్క్రిప్టులన్నిటికీ ఇప్పుడు హ్యాండ్లర్ రాశాను. ఇక ప్రోసెస్‌ల లిస్టు చూపే పీఎస్ కమాండ్‌లో 'డి' స్థితి చూపిస్తున్న ప్రోసెస్, డిస్కో నెట్‌వర్కో జవాబిచ్చేదాకా 9కి కూడా మామూలుగా లొంగదు.

కిల్‌ఆల్‌కి పేరు మొత్తం కలవాలి, ఆ మేరకు పీకిల్ కన్నా నయం. కానీ మా మూడు స్క్రిప్టులూ దాని కంటికి, వాటిని నడిపే పైథాన్3 పేరుతోనే కనిపిస్తాయి, ఆ పేరు ఇస్తే మూడూ పోతాయి. పాత సొలారిస్ (ఇంకో రకం యూనిక్స్) మెషీన్ల మీదైతే కిల్‌ఆల్ అంటే నిజంగానే అన్నీ, దాని జోలికి వెళ్ళొద్దు. ప్రోసెస్‌లన్నీ తెర మీద చూపే హెచ్‌టాప్‌లో, ఆపడానికి నొక్కే ఎఫ్9 బాగానే ఉంటుంది, ఎదురుగా లిస్టు ఉంటుంది కాబట్టి.

డీవో రీడింగ్‌నీ అలారంనీ ఆ వారమే సిస్టమ్‌డీ (లినక్స్‌లో ప్రోగ్రామ్‌లను మొదలుపెట్టి, ఆగితే మళ్ళీ లేపగలిగే వ్యవస్థ) సర్వీసులుగా మార్చాను. రెస్టార్ట్ సెట్టింగ్ దగ్గర 'ఆన్ ఫెయిల్యూర్' (ఫెయిలైతేనే మళ్ళీ లేపు) కాకుండా 'ఆల్వేస్' (ఎప్పుడూ లేపు) అని రాశాను. 15తో పోయిన ప్రోసెస్‌ని సిస్టమ్‌డీ ఫెయిల్యూర్‌గా లెక్కపెట్టదు. 'ఆన్ ఫెయిల్యూర్' అని ఉంటే నేను ఆ రాత్రి కొట్టిన పీకిల్‌కి అలారం మళ్ళీ లేచేది కాదు.