స్టాక్‌హోమ్‌కి ఓడలోనా, విమానంలోనా?

ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీ చూసేసి స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌కి వెళ్లేవాళ్లందరికీ వచ్చే సందేహమే ఇది.

సమయం: విమానం గాల్లో ఉండేది గంటే. ఓడ సాయంత్రం 5 ప్రాంతంలో బయల్దేరి మర్నాడు ఉదయం 10 ప్రాంతంలో చేరుతుంది. ఫిన్లాండ్ కంటే స్వీడన్ గడియారం ఒక గంట వెనక, మర్చిపోకండి.

ఖర్చు: విమానంలో తలకో టికెట్, లగేజీకి వేరే. స్టాక్‌హోమ్‌లో దిగే ఆర్లాండా విమానాశ్రయం ఊరికి దాదాపు 40 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి రైలు ఛార్జీ అదనం. ఓడలో నలుగురికీ కలిపి ఒకే క్యాబిన్ చాలు, పైగా ఆ రాత్రి హోటల్ ఖర్చు మిగులుతుంది. భోజనం మాత్రం ఖరీదే. పులిహోర కట్టుకెళ్తే హాయి.

ఇబ్బంది: చవక క్యాబిన్లకు కిటికీ ఉండదు. శీతాకాలంలో గాలి ఎక్కువైతే ఓడ ఊగుతుంది, వాంతుల టెన్షన్ ఉన్నవాళ్లు మాత్ర దగ్గర పెట్టుకోవాలి.

అసలు తేడా మాత్రం చివరి మూడు నాలుగు గంటల్లో ఉంది. స్టాక్‌హోమ్ ముందు దాదాపు 30,000 దీవులు, రాళ్లు పరుచుకుని ఉంటాయి. ఓడ వాటి మధ్య నుంచి మెల్లగా వెళ్తుంది. ఎర్ర రంగు చెక్క ఇల్లు, ముందు చిన్న రేవు, కట్టేసిన పడవ, అన్నీ చేతికందేంత దగ్గరగా కనిపిస్తాయి. దయచేసి అప్పుడు నిద్రపోకండి, డెక్ మీదికి రండి. వైకింగ్ లైన్ అనే కంపెనీ ఓడ ఆగే స్టాడ్స్‌గార్డెన్ రేవు నుంచి పాత ఊరు గమ్లా స్టాన్‌కి నడిచే వెళ్లొచ్చు.

రెండు రోజులే సెలవున్నా, నీళ్లంటే పడకపోయినా విమానమే మేలు. పిల్లలతో, పెద్దవాళ్లతో వేసవిలో వెళ్తుంటే ఓడే ఎక్కండి.