బరోక్ చర్చిల ముందు కెనన్ 24 టిల్ట్-షిఫ్ట్: ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ బరువు

కెనన్ టీఎస్-ఈ 24 ఎంఎం ఎఫ్/3.5 ఎల్ టిల్ట్-షిఫ్ట్ లెన్స్, అంటే ముందుభాగాన్ని వంచడానికీ (టిల్ట్), పైకో పక్కకో జరపడానికీ (షిఫ్ట్) వీలున్న లెన్స్. దీని రెండో వెర్షన్ 2009లో వచ్చింది. ఆటోఫోకస్ లేదు, స్టెబిలైజేషన్ లేదు, జూమ్ లేదు. బరువు మాత్రం 780 గ్రాములు. ఇన్ని లేకపోయినా పాత కట్టడాలు తీసేవాళ్ల సంచీల్లో ఇప్పటికీ ఉందంటే కారణం ఒక్కటే: కెమెరాను పైకెత్తకుండానే కట్టడం పైభాగాన్ని ఫ్రేములోకి దింపుతుంది. బరోక్ చర్చిల (17, 18 శతాబ్దాల ఐరోపా శైలి) విషయంలో ఇది చాలా పెద్ద సాయం. కానీ అన్నిచోట్లా కాదు. సగం చోట్ల దీనికి పోటీ లేదు, మిగతా సగం చోట్ల మామూలు వైడ్ లెన్స్ ఇదే పని చేసిపెడుతుంది.

కెమెరాను పైకి వంచితే సెన్సర్ కూడా వంగుతుంది. గోడకు సమాంతరంగా ఉండదు కాబట్టి స్తంభాలు పైకి పోయేకొద్దీ ఒకదాని మీదికొకటి వాలిపోతాయి. షిఫ్ట్ చేసేదల్లా సెన్సర్‌ను నిటారుగా ఉంచి లెన్స్‌ను మాత్రం పైకి జరపడం. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ నిండటానికి 43 మి.మీ. పైచిలుకు వ్యాసమున్న వృత్తం చాలు. ఈ లెన్స్ 67.2 మి.మీ. వృత్తాన్ని పరుస్తుంది. ఆ మిగులులోనే ఏ వైపుకైనా 12 మి.మీ. దాకా జరుపుకోవచ్చు.

12 మి.మీ. అంటే ఎంతో నేల మీద లెక్కేసుకుంటేనే తెలుస్తుంది. కెమెరాను నిలువుగా పెట్టి, వంచకుండా, షిఫ్ట్ లేకుండా తీస్తే గోడకు ఎంత దూరంలో ఉన్నామో అందులో ముప్పావు వంతు ఎత్తే పడుతుంది, అదీ కెమెరా మట్టం నుంచి కొలిచి. పూర్తి షిఫ్ట్ ఇస్తే దూరానికి ఒకటింబావు రెట్లు పడుతుంది. ముఖభాగం ఎత్తు 30 మీటర్లు, కెమెరా నేలకు 1.5 మీటర్ల పైన ఉందనుకోండి. షిఫ్ట్ లేకపోతే 38 మీటర్లు వెనక్కి పోవాలి, ఉంటే 23 మీటర్లు చాలు. రోమ్ పాతబస్తీలో ఆ 15 మీటర్లు వెనక్కి పోవాలంటే ఎవరింట్లోకో దూరాలి.

అడ్డంగా పెడితే లెక్క ఇంకా సులువు. పూర్తి షిఫ్ట్‌లో ఫ్రేము పై అంచు సరిగ్గా 45 డిగ్రీల మీద ఉంటుంది, కింది అంచు సరిగ్గా కెమెరా మట్టం దగ్గర తెగుతుంది. అంటే 20 మీటర్ల దూరం నుంచి 20 మీటర్ల ఎత్తు వస్తుంది గానీ మెట్లు, గుమ్మం అడుగుభాగం, నేల మొత్తం పోతాయి. మొదటిసారి వాడేవాళ్లు చేసే తప్పు ఇదే: నాబ్ చివరిదాకా తిప్పేసి, ఇంటికెళ్లాక చర్చి గాల్లో తేలుతోందని చూసుకుంటారు. అడ్డం ఫ్రేములో 9 దగ్గర ఆపితే 20 మీటర్ల దూరంలో మెట్లు కూడా లోపలికి వస్తాయి.

రోమ్‌లో ఈ లెన్స్‌కు అసలు పరీక్ష సాన్ కార్లో అల్లే క్వాత్రో ఫోంతానే. వాస్తుశిల్పి బొరొమీని 1638లో మొదలుపెట్టిన చర్చి ఇది. ముఖభాగం పని 1665లో మొదలైంది, 1667లో ఆయన పోయాక పూర్తయింది. కింది అంతస్తులో మధ్య భాగం ముందుకు ఉబ్బి పక్కలు లోపలికి నొక్కుకుంటాయి. పై అంతస్తులో మూడూ లోపలికే. కూడలి ఇరుకు, ట్రాఫిక్ ఆగదు, కాలిబాట ఒక మనిషి పట్టేంత. నేరుగా ఎదురుగా, క్విరినాలే రాజభవనం గోడకు వీపు ఆనించి నిలబడినా 24తో పైనున్న కోడిగుడ్డు ఆకారపు ఫలకం దాకా రాదు. దానికి 17 ఎంఎం టీఎస్-ఈ కావాలి, నిలువు ఫ్రేములో అది దూరానికి 1.76 రెట్ల ఎత్తు పడుతుంది. 24తో వచ్చినవాళ్లు కూడలికి ఐమూలగా ఉన్న ఫౌంటెన్ దగ్గరికి పోవాలి. దూరం కాస్త పెరుగుతుంది, పైగా పక్కనుంచి చూస్తేనే ఆ గోడ అలలా కదులుతున్నట్టు ఉంటుంది. ఎదురుగా తీస్తే ఆ ఒంపులన్నీ చదునుగా అణిగిపోతాయి. నా మాటగా చెప్పాలంటే, ఇక్కడ 17 లేకపోవడమే మేలు. గోడ వాయవ్యం వైపు చూస్తుంది కాబట్టి ఉదయమంతా నీడే, ఎండ కావాలంటే వేసవి సాయంత్రాలకు రావాలి. నీడ చెడ్డదేమీ కాదు, ఒంపులు సాఫీగా దిగుతాయి. ఆకాశం మాత్రం తెల్లగా కాలిపోకుండా ఎక్స్‌పోజర్ తగ్గించుకోవాలి.

ఒంపు తిరిగిన గోడ మరో చిక్కు పెడుతుంది. మట్టం సరిచూడటానికి చాలామంది స్క్రీన్ మీది అడ్డగీతను కార్నిస్‌తో, అంటే గోడ పైన ముందుకు పొడుచుకొచ్చిన అంచుతో కలుపుతారు. బరోక్ కార్నిస్ తిన్నగా ఉండదు, వంగి ఉంటుంది. దానితో కలిపితే కెమెరా ఒక పక్కకు ఒరిగిపోతుంది. కలపాల్సింది నిలువు గీతలతో: తలుపు చట్రం, లేదా రెండు చివర్ల స్తంభాలు. ముఖభాగానికి నడిమధ్యన నిలబడి, ఎడమ చివరి స్తంభం ఫ్రేము అంచుకు ఎంత దూరంలో ఉందో కుడి చివరిదీ అంతే ఉందా అని చూస్తే కెమెరా పక్కకు తిరగలేదని తేలుతుంది.

పని చేసే వరుస ఇలా ఉంటే తిప్పలు తక్కువ. ముందు టిల్ట్‌ను సున్నాకు తెచ్చి దాని లాక్ మీట వేసేయాలి, ఆపైన ఆ సంగతి మర్చిపోవచ్చు. షిఫ్ట్ కూడా సున్నా మీద పెట్టి ట్రైపాడ్ తలను మట్టం చేయాలి. బాల్ హెడ్ (గోళం మీద తిరిగే తల) కన్నా గేర్ హెడ్ (మరలతో కొద్దికొద్దిగా తిప్పే తల) నయం, ఎందుకంటే బాల్ హెడ్ బిగించేటప్పుడు చివరి క్షణంలో కాస్త జారుతుంది. పైకో కిందికో ఒక్క డిగ్రీ తేడా ఉన్నా ఫ్రేము అంచుల్లోని స్తంభాలు ముప్పావు డిగ్రీ దాకా ఒరుగుతాయి. షిఫ్ట్ సున్నాలో ఉండగానే వెలుతురు కొలిచి మాన్యువల్‌లో పెట్టేయాలి. డీఎస్‌ఎల్‌ఆర్‌లలో జరిపాక కొలిస్తే మీటర్ తప్పు చెబుతుంది. మిర్రర్‌లెస్‌లో ఆ బాధ తక్కువే అయినా రెండు మూడు ఫ్రేములు అతికించాలంటే మాన్యువల్ తప్పదు. తర్వాత షిఫ్ట్ జరిపి, ఎదురువైపున్న లాక్ నాబ్ బిగించి, స్క్రీన్‌ను 10 రెట్లు పెంచి ముఖభాగం మధ్య ఎత్తున ఏదైనా చెక్కడం మీద ఫోకస్ చేయాలి. ఎఫ్/8 లేదా ఎఫ్/11. ఎఫ్/16 దాటితే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలో కాంతి చెదరడం) వల్ల రాతి గరుకు మెత్తబడుతుంది.

ఎఫ్/8లో 24 ఎంఎంకు హైపర్‌ఫోకల్ దూరం (అక్కడ ఫోకస్ చేస్తే దాని సగం దూరం నుంచి అనంతం దాకా పదునుగా వచ్చే దూరం) సుమారు 2.4 మీటర్లు. అంటే కట్టడాల పనిలో లోతు కోసం టిల్ట్ అవసరం దాదాపు రాదు. 8.5 డిగ్రీల టిల్ట్ ఉందని మురిసిపోవడమే గానీ ఇక్కడ అది తెచ్చేది నష్టమే. సంచీలోంచి తీసేటప్పుడు అర డిగ్రీ జరిగి ఉంటే ఎడమ గంటగోపురం పదునుగా, కుడిది మసకగా వస్తుంది. చిన్న స్క్రీన్ మీద కనబడదు.

అంచుల మసక, నీలి ఆకాశంలో పై మూలలు నల్లబడటం పూర్తి షిఫ్ట్‌లో మామూలే. సాఫ్ట్‌వేర్‌లో లెన్స్ లోపాలను తనంతట తాను దిద్దే ప్రొఫైల్ దీన్ని సరిచేయలేదు. లెన్స్ ఎంత జరిపారో ఫైల్‌లో నమోదు కాదు కాబట్టి ప్రొఫైల్ ఎప్పుడూ షిఫ్ట్ సున్నా అనుకుంటుంది. మూలల వైపు మెల్లగా వెలుగు పెంచే గ్రేడియంట్ ఒకటి చేత్తో వేసుకోవాల్సిందే. ఫిల్టర్ సైజు 82 మి.మీ. మందపాటి చట్రమున్న పోలరైజర్ (మెరుపు తగ్గించి ఆకాశాన్ని ముదురు చేసే ఫిల్టర్) పెడితే జరిపిన వైపు మూల కోసుకుపోతుంది. అయినా ఇంత వైడ్‌లో పోలరైజర్ ఆకాశాన్ని ఒక పక్క ముదురుగా, ఒక పక్క లేతగా చేస్తుంది, పెట్టకపోతేనే మంచిది.

రోమ్‌లోనే పియాత్సా నవోనా చౌకులో షిఫ్ట్‌ను పక్కకు వాడే అవకాశం ఉంది. అక్కడి సాంత్ ఆన్యేసే చర్చిది తూర్పు ముఖం, ఉదయం ఎండ తిన్నగా పడుతుంది. కానీ దానికి ఎదురుగానే శిల్పి బెర్నీనీ చేసిన 1651 నాటి నాలుగు నదుల ఫౌంటెన్, దాని మీద స్తంభం. లెన్స్‌ను పక్కకు 12 మి.మీ. జరిపితే 30 మీటర్ల దూరంలో 15 మీటర్లు పక్కన నిలబడి కూడా ముఖభాగాన్ని ఎదురుగా తీసినట్టే తీయొచ్చు. అయితే ఈ లెన్స్‌కు జరిగే దారి ఒక్కటే, దాన్ని తిప్పుకోవచ్చంతే. పైకీ పక్కకూ రెండూ కావాలంటే ఐమూలగా పెట్టాలి, అప్పుడు ఒక్కోవైపు 8.5 మి.మీ. మాత్రమే దక్కుతుంది.

అక్కడే గుమ్మటం సమస్య కూడా తెలుస్తుంది. నిలువు గీతలు సరైనా గుండ్రని వస్తువులు ఫ్రేము అంచుకు పోయేకొద్దీ సాగుతాయి. కంటి మట్టానికి 30 డిగ్రీల పైన ఉన్న గోళం సుమారు 15 శాతం, 45 డిగ్రీల దగ్గర 40 శాతం పొడుగవుతుంది. గుమ్మటం కోడిగుడ్డులా నిక్కుతుంది, కార్నిస్ మీది సెయింట్ల విగ్రహాలు బక్కచిక్కిపోతాయి. గుమ్మటం ముఖ్యమైతే దాని ఎత్తుకు కనీసం 1.7 రెట్ల దూరంలో ఉండాలి. అంత చోటు లేకపోతే పూర్తిగా నిటారు చేయకుండా ఒకటి రెండు డిగ్రీల వాలు వదిలేస్తే కన్ను ఒప్పుకుంటుంది. జంట గోపురాలను నూటికి నూరుపాళ్లు తిన్నగా నిలబెడితే పైన వెడల్పెక్కువైనట్టు అనిపిస్తుంది.

వియన్నాలో కార్ల్స్‌కిర్ష ముందు, ఫిషర్ ఫాన్ ఎర్లాఖ్ 1716లో మొదలుపెట్టిన ఆ చర్చి కొలనులో ప్రతిబింబంతో సహా కావాలంటే షిఫ్ట్ అక్కర్లేదు. నీటి అంచు ఫ్రేము మధ్యలో ఉండాలి కాబట్టి లెన్స్ సున్నాలోనే ఉంటుంది. ముందు చోటు కూడా కావలసినంత. మామూలు 24 చాలు. గోడ ఉత్తరం వైపు చూస్తుంది, దీపాలు వెలిగాక ఆకాశంలో నీలం మిగిలి ఉన్నప్పుడు వెళ్లాలి.

ఇక లోపలి కప్పులు. ఇటలీ చర్చిల్లో ట్రైపాడ్‌కు చాలాచోట్ల అనుమతి ఉండదు. కెమెరాను నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, స్క్రీన్ లెవెల్ సున్నా చూసుకుని, 10 సెకన్ల టైమర్‌తో తీయడమే దారి. లెన్స్ నిట్టనిలువుగా ఉన్నప్పుడు లాక్ నాబ్ వదులుగా ఉంటే షిఫ్ట్ జారదు గానీ కెమెరాను లేపేటప్పుడు జారుతుంది, మళ్లీ చూసుకోవాలి. నడిమధ్యన బెంచీలైనా జనమైనా అడ్డముంటే పక్కకు పెట్టి షిఫ్ట్ ఇవ్వొచ్చు. 30 మీటర్ల కప్పుకు 15 మీటర్ల దాకా పక్కకు పోయినా చట్రం చతురస్రంగానే వస్తుంది. రోమ్‌లోని సాంత్ ఇన్యాత్సియో చర్చిలో మాత్రం ఇది బెడిసికొడుతుంది. చిత్రకారుడు ఆంద్రెయా పోత్సో అక్కడ కప్పు మీద లేని అంతస్తులు గీశాడు, 1685లో లేని గుమ్మటాన్ని గుడ్డ మీద గీసి పైన బిగించాడు. ఒక్కోటీ నేలపై దానికంటూ ఉన్న గుర్తు దగ్గర నిలబడిన కంటికే నిజంగా ఉన్నట్టు కనిపిస్తుంది. పక్కనుంచి షిఫ్ట్‌తో తీస్తే కప్పు అంచులు తిన్నగా, దానిపై గీసిన స్తంభాలు మాత్రం కూలుతూ ఉంటాయి. ఎక్కడ నిలబడాలో కట్టినవాడే తేల్చిన చోట లెన్స్ మొండిగా ఎదురాడి లాభం లేదు. వాటికన్ చౌకులో బెర్నీనీ నాలుగు వరుసల స్తంభాలు ఒకే వరుసగా కనిపించే రాతి గుర్తు కూడా అలాంటిదే: రెండడుగులు పక్కకు జరిగితే వెనక స్తంభాలు బయటికి తొంగిచూస్తాయి, షిఫ్ట్ వాటిని మళ్లీ దాచలేదు.

డబ్బు పెట్టేముందు ఒక లెక్క చూసుకోవాలి. 14 ఎంఎం మామూలు లెన్స్‌ను మట్టంగా, నిలువుగా పట్టుకుని తీసి, అక్కర్లేని నేలను కోసేస్తే రేఖల పరంగా వచ్చే బొమ్మ అచ్చం ఇదే. పోయేది పిక్సెళ్లు. 24 షిఫ్ట్ ఫ్రేముకు సమానమైన ముక్క 14 ఎంఎం ఫ్రేములో 34 శాతమే ఉంటుంది. 45 మెగాపిక్సెల్ కెమెరాలో దాదాపు 15 మిగులుతాయి, అంటే 300 డీపీఐలో ఏ3కి కొంచెం తక్కువ ప్రింటు. తెర మీద చూసుకోవడానికి, ఏ4 ప్రింటుకు ఈ లెన్స్ కొనక్కర్లేదు. గోడంత ప్రింట్లు వేసేవాళ్లకు, కట్టడాల రికార్డు పని చేసేవాళ్లకు, ఫ్రేమును అక్కడికక్కడే సరిచూసుకోవాలనుకునేవాళ్లకు ఇది.

పెద్ద ప్రింటుకు ఇంకో దారి: కెమెరా నిలువుగా పెట్టి ఎడమకు 12, మధ్యలో సున్నా, కుడికి 12, మూడు ఫ్రేములు. రెండే తీస్తే ఒకదానిపై ఒకటి పడే భాగం ఏమీ ఉండదు, అతకవు. మూడూ కలిపితే 48×36 మి.మీ. సెన్సర్‌తో తీసినట్టు.

సెకండ్ హ్యాండ్‌లో 1991 నాటి మొదటి వెర్షన్ కూడా దొరుకుతుంది. దాన్ని వదిలేయండి, అందులో టిల్ట్, షిఫ్ట్ దిశలను విడివిడిగా తిప్పుకునే వీలు లేదు. రెండో వెర్షన్ కొనేటప్పుడు టిల్ట్ సున్నాలో లాక్ చేసి, ఇటుక గోడను ఎదురుగా ఎఫ్/3.5లో తీసి ఎడమ కుడి అంచులు పోల్చండి. ఒక పక్క మెత్తగా ఉంటే కెమెరాను తలకిందులు చేసి మళ్లీ తీయండి. ఫ్రేములో మెత్తదనం అదే పక్కన ఉంటే తేడా లెన్స్‌లోనో దాని మౌంట్‌లోనో, గోడ మీద అదే చోటున ఉంటే మీరు సూటిగా నిలబడలేదు. తర్వాత షిఫ్ట్ పూర్తిగా జరిపి, లాక్ బిగించి, బరువైన బాడీతో లెన్స్‌ను అడ్డంగా పట్టుకుని నిమిషం ఆగండి. స్కేలు మీది గీత కదిలితే ఆ లెన్స్ వద్దు.