డండీలో రెండు రాత్రులైనా ఉండండి

దక్షిణాఫ్రికాలో జొహాన్నెస్‌బర్గ్ నుంచి డర్బన్ వెళ్లే మన తెలుగువాళ్లు చాలామంది హైవే దిగరు, నేరుగా సముద్రం దగ్గరే ఆగుతారు. దారిలో కాస్త పక్కకి తిరిగితే క్వాజులు-నటాల్ రాష్ట్రపు బొగ్గు గనుల ప్రాంతంలో డండీ అనే చిన్న ఊరుంది. మొదటి చూపుకి పెద్దగా ఏమీ అనిపించదు. ఒక మెయిన్ రోడ్డు, సూపర్ మార్కెట్లు, మినీబస్ టాక్సీల హడావిడి, అంతే. స్కాట్లండ్ నుంచి వచ్చిన పీటర్ స్మిత్ 1882లో తన పొలంలో ఈ ఊరు కట్టించి, స్వదేశంలోని ఊరి పేరే పెట్టాడు.

ఆయన పొలంలోనే ఇప్పుడు తలానా మ్యూజియం ఉంది. 1899 అక్టోబర్ 20న బ్రిటిష్‌వాళ్లకీ బోయర్లకీ (డచ్ సంతతి వలసదారులు) మధ్య జరిగిన రెండో బోయర్ యుద్ధంలో మొదటి పెద్ద పోరు జరిగింది ఇక్కడే. గెలిచామన్నారు బ్రిటిష్‌వాళ్లు, కానీ వాళ్ల జనరల్ పెన్ సైమన్స్ గాయాలతో మూడు రోజులకే పోయాడు. గాజు సామాన్లు, బొగ్గు గనులు, పూసల పని, అన్నీ కలిపి పెట్టారు కాబట్టి పిల్లలకీ బోరు కొట్టదు. పూట పడుతుంది.

మనకి ఇంకో ముడి ఉంది. మద్రాసు రేవు నుంచి నటాల్‌కి వచ్చిన ఒప్పంద కూలీల్లో తెలుగువాళ్లు చాలామంది. ఒప్పందం ముగిసినవాళ్ల మీద వేసిన మూడు పౌండ్ల పన్నుకి ఎదురుతిరిగి, 1913లో డండీకి దగ్గర్లోని న్యూకాసిల్ వైపు గని కార్మికులు సమ్మె చేశారు. వాళ్లని అనుమతుల్లేకుండా పక్కనున్న ట్రాన్స్‌వాల్ ప్రాంతపు సరిహద్దు దాటించిన గాంధీకి నవంబర్ 11న డండీ కోర్టే తొమ్మిది నెలల కఠిన శిక్ష వేసింది.

అసలు చూడాల్సింది ఇసాండ్ల్వానా, బ్రిటిష్ సైన్యాన్ని స్థానిక జులూ తెగవాళ్లు ఓడించిన యుద్ధభూమి. డండీ నుంచి గంటకు పైగా ప్రయాణం, చివర్లో రోడ్డు అంత బాగుండదు. గైడ్ లేకుండా వెళ్తే ఒక వింత ఆకారపు కొండ, గడ్డిలో తెల్ల రాళ్ల కుప్పలు, అంతకుమించి ఏమీ కనబడదు. గైడ్‌కి డబ్బు ఇవ్వడం దండగ అనుకునేవాణ్ణి నేనూ, ఇక్కడ మాత్రం కాదు. 1879 జనవరి 22న బ్రిటిష్ సేనాపతి చెమ్స్‌ఫర్డ్ సగం సైన్యాన్ని తీసుకుని జులూలని వెతుక్కుంటూ పోయాడు. శిబిరం చుట్టూ కందకం తవ్వలేదు, బండ్లు అడ్డం పెట్టలేదు. ఇరవై వేలమంది దాకా జులూలు గేదె కొమ్ముల్లా రెండు వైపుల నుంచీ చుట్టుముట్టారు. గైడ్ ఎడమ కొమ్ము ఎటు వచ్చిందో, కుడి కొమ్ము కొండ వెనక ఎలా తిరిగిందో చేత్తో చూపిస్తుంటే మన మెడ కూడా తిరుగుతూనే ఉంటుంది. బ్రిటిష్ పక్షాన 1,300 మందికి పైగా చనిపోయారు. తెల్ల రాళ్లు వాళ్ల సమాధులు. గెలిచి కూడా వెయ్యిమందికి పైగా పోయిన జులూలకి స్మారకం కట్టడానికి 1999 దాకా పట్టింది. యోధుడి కంఠహారం ఆకారంలో ఉన్న కంచు నిర్మాణం అది.

అదే రాత్రి పోరు జరిగిన రోర్క్స్ డ్రిఫ్ట్ దగ్గర్లోనే. సుమారు 150 మంది బ్రిటిష్ పక్షంవాళ్లు జులూలకి ఎదురు నిలబడ్డారు, 11 విక్టోరియా క్రాస్‌లు (బ్రిటిష్ అత్యున్నత సాహస పతకాలు) వచ్చాయి. పేరు ఎక్కువ, చూసేది తక్కువ. అక్కడి చేనేత, కుండల కేంద్రం మాత్రం తప్పకుండా చూడండి.

బస సంగతి. యుద్ధభూముల పక్కన ఖరీదైన లాడ్జీలు ఉన్నాయి, గైడ్, భోజనం కలిపి ఇస్తారు. మేము డండీలో గెస్ట్‌హౌస్ తీసుకున్నాం. గది శుభ్రం, టిఫిన్ బాగుంది, రాత్రి భోజనం లేదు. ఊళ్లో హోటళ్లు త్వరగా మూసేస్తారు, శాకాహారులకి చిప్స్, సలాడ్ తప్ప పెద్దగా దొరకవు. పచ్చడి సీసా, ఎలక్ట్రిక్ కుక్కర్ వెంట ఉంచుకోండి. చీకటి పడ్డాక పల్లె రోడ్ల మీద నడపొద్దు, ఆవులు నడిరోడ్డు మీదే ఉంటాయి. టైమ్ తక్కువైతే రోర్క్స్ డ్రిఫ్ట్ వదిలేయండి, గైడ్‌ని మాత్రం వదలొద్దు.