ఒక్క కుండీకే చోటుంటే: మరువమా, దవనమా?

మా బాల్కనీలో ఎండ సరిగ్గా పడే చోటు రెండడుగులకు మించి లేదు. తులసికోట, కరివేపాకు పోగా ఒక్క కుండీకి జాగా మిగిలింది. అందులో దవనం వేయాలన్నది మా అత్తగారి పట్టు, మరువం వేయాలన్నది నా పట్టు. మూడేళ్లు రెండూ మార్చి మార్చి పెంచాక నా మాటే నెగ్గిందని అనుకుంటున్నాను. ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు.

వాసన ఒక్కటే చూస్తే దవనానిదే పైచేయి, అందులో అనుమానం లేదు. బూడిదరంగు సన్నని ఆకులున్న రెమ్మ ఒక్కటి చాలు, గది గదంతా పండిన పళ్ల బుట్ట తెరిచినట్టు ఉంటుంది. ఎండిన తరువాత కూడా ఆ సువాసన వదలదు. మా అత్తగారి పట్టుచీరల మడతల్లో నిరుటి దవనం ఇంకా ఉంది.

చిక్కల్లా దాని కాలంతోనే. దవనం చలికాలపు మొక్క. నవంబరులో నలుసుల్లాంటి విత్తనాలు చల్లితే ఫిబ్రవరి, మార్చి నెలల్లో పూతకు వస్తుంది. అసలైన పరిమళం అప్పుడే. చైత్రమాసంలో దేవుడికి దవనం సమర్పించే ఆచారానికి ఋతువు కూడా చక్కగా కలిసివస్తుంది. హైదరాబాదు ఎండలు నలభై డిగ్రీలు దాటేసరికి మొక్క పని అయిపోతుంది. ఇక ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఖాళీ కుండీకి నీళ్లు పోయలేం కదా.

మరువం అలా కాదు, కాస్త కనిపెట్టుకుని ఉంటే ఏళ్ల తరబడి బతుకుతుంది. విత్తనాల జోలికి పోనక్కర లేదు. మెహదీపట్నంలో బుట్ట పెట్టుకుని కూర్చునే పూలామె దగ్గర కనకాంబరాలతో పాటు నాలుగు మరువం రెమ్మలు అడిగి తెచ్చాను. పూమొగ్గ లేని లేత రెమ్మ ఎంచుకుని, కింది ఆకులు దూసేసి, ఇసుక కలిపిన ఎర్రమట్టిలో రెండు కణుపులు మునిగేలా గుచ్చి, నీడలో ఉంచాను. మూడు వారాలకు నాలుగింట్లో రెండు వేరు పట్టాయి. బజారు రెమ్మల మీద ఏ మందు కొట్టారో తెలియదు కాబట్టి, కొత్త చిగుర్లు వచ్చేదాకా ఆకు నోట్లో పెట్టలేదు.

దీనికి గండం ఎండ కాదు, వాన. మే నెలలో మధ్యాహ్నపు ఎండ తగలకుండా జరిపితే చాలు, నిలదొక్కుకుంటుంది. నా మొదటి మొక్క పోయింది ఆగస్టు ముసురులో. పైన ఆకులన్నీ పచ్చగానే ఉన్నాయి. మట్టిని ఆనుకున్న చోట మాత్రం కాడ నల్లబడింది. వేలితో తాకితే ఊడివచ్చింది. ప్లాస్టిక్ కుండీ కింద పళ్లెంలో నిలిచిన నీళ్లే దాన్ని చంపాయి. అప్పటినుంచి మట్టికుండీయే వాడుతున్నాను. పళ్లెం తీసేశాను, పైమట్టి పొడిగా తగిలితేనే నీళ్లు. జూన్‌కు ముందే రెండు రెమ్మలు వేరే గుచ్చి పెడతాను, తల్లి మొక్క పోయినా పిల్ల ఉంటుంది. కొసలు తుంచుతూ ఉంటే గుబురుగా పెరుగుతుంది.

ఇక వంటింటి సంగతి. జడలోకి తప్ప మరువం ఎందుకూ పనికిరాదని మనవాళ్ల అభిప్రాయం. పిజ్జాతో పొట్లంలో ఇచ్చే ఒరెగానో, ఇదీ ఒకే ప్రజాతి మొక్కలు. జర్మన్లు దీన్ని బంగాళాదుంప సూపులో వేసుకుంటారు. ఒరెగానోలోని ఘాటు కార్వక్రాల్ అనే పదార్థానిది. ఆ ఘాటే కావాలంటే వాము ఆకు పెంచుకోవడం నయం, అందులోనూ అదే ఉంటుంది, పైగా చంపినా చావదు. మరువానిది మెత్తని, కాస్త తీపి వాసన. ఎక్కువ సేపు ఉడికిస్తే ఎగిరిపోతుంది. బంగాళాదుంప వేపుడు దించే ముందు చెంచాడు తరిగిన ఆకు చల్లి మూత పెట్టండి. ఆమ్లెట్‌లోకి ఇంకా బాగుంటుంది. పప్పుచారులో మాత్రం వేయకండి. ఇంగువ పోపుకూ దానికీ అసలు పొసగలేదు. “పూలజడ ఉడకబెట్టావా?” అని అడిగారు మా అత్తగారు.

అందుకే ఒక్క కుండీయే ఉంటే మరువం పెట్టుకోమంటాను. దవనం ఆ నాలుగు రోజులూ పూల అంగట్లో కొనుక్కుంటే సరిపోతుంది. ఈ మాట విని మా అత్తగారు పోయిన నవంబరులో పాత రంగు డబ్బాకు చిల్లులు పొడిచి, మేడ మీద నీళ్లట్యాంకు పక్కన దవనం చల్లారు. బాగానే మొలిచింది. రోజూ మూడంతస్తులు చెంబు పట్టుకుని ఎక్కేది మాత్రం నేనే.