రైజెన్ 7 5800ఎక్స్‌3డి: స్కోరులో వెనుక, ఆటలో ముందు

ఏఎమ్‌డీ 2022 ఏప్రిల్‌లో విడుదల చేసిన ఈ ప్రాసెసర్‌ను సినీబెంచ్ (ప్రాసెసర్ వేగాన్ని కొలిచే పరీక్ష) స్కోరు ఒక్కటే చూసి అంచనా వేస్తే, గరిష్ఠ వేగం 4.7 నుంచి 4.5 గిగాహెర్ట్జ్‌కు తగ్గినందువల్ల, అంతకుముందు వచ్చిన 5800ఎక్స్ కంటే కాస్త వెనుకబడినట్టే కనిపిస్తుంది. ఆటలు మొదలుపెడితే లెక్క తారుమారవుతుంది. చిప్పుపై అదనంగా పేర్చిన 64 మెగాబైట్లతో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్‌లోనే ఉండే వేగవంతమైన మెమరీ) 96 మెగాబైట్లకు చేరింది కనుక, డేటా కోసం మాటిమాటికీ ర్యామ్ దాకా వెళ్లవలసిన అవసరం తగ్గుతుంది.

ఆటలో తెరపై వరుసగా మారే ఒక్కో బొమ్మే ఒక ఫ్రేము. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు సుమారు 16.7 మిల్లీసెకన్లు, మధ్యలో ఏదో ఒకటి 50 మిల్లీసెకన్లు తీసుకున్నా సగటు పెద్దగా చెదరదు గానీ, మలుపు తిరుగుతున్న కారు ఒక్క క్షణం తడబడినట్టు కంటికి ఇట్టే తెలిసిపోతుంది. ఈ ప్రాసెసర్ గొప్పతనమంతా అలాంటి తడబాట్లను తగ్గించడంలోనే ఉంది. సగటు అంకెలతో సరిపెట్టే సమీక్షలు ఈ సంగతిని దాటవేస్తాయి.

బ్రౌజర్, ఆఫీసు ఫైళ్ల పనుల్లో మాత్రం తేడా పట్టుకోవడం కష్టం. ఇంకా హార్డ్‌డిస్క్‌తోనే నెట్టుకొస్తున్నవారు ముందు ఎస్‌ఎస్‌డీ పెట్టించుకోవడం మేలు. వీడియో ఎన్‌కోడింగ్ ఎక్కువగా చేసేవారికి 12 కోర్ల 5900ఎక్స్ తగినది. పాత ఏఎమ్4 బోర్డుపై (ఈ ప్రాసెసర్ అమరే మదర్‌బోర్డు రకం) ఆటలాడేవారు, బయాస్ (బోర్డులోని ప్రాథమిక సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అందుబాటులో ఉంటే, దీన్ని సెకండ్ హ్యాండ్‌లోనైనా తీసుకోవచ్చు. అయితే ఇది బాగా వేడెక్కుతుంది, పెట్టెలో కూలర్ కూడా రాదు. ఆ ఖర్చును ముందే కలుపుకోవాలి.