డ్రై మోడ్‌తో మూడు వేసవులు

రిమోట్‌లో నీటిచుక్క బొమ్మ ఉన్న మీట ఒకటి ఉంటుంది. ఏసీ కొన్న మొదటి వేసవిలో చాలాకాలం దాన్ని ముట్టుకోనే లేదు. ఇది మూడో వేసవి, ఆ బొమ్మ సగం అరిగిపోయింది. ఏసీ గురించి తక్కినదంతా అందరికీ తెలిసిందే కాబట్టి ఆ మీట నొక్కితే గాలిలోని తేమను లాగేసే ఈ డ్రై మోడ్ సంగతే రాస్తాను.

చల్లటి ప్రాంతం నుంచి వేడి ప్రాంతానికి మారినప్పుడు ఎండకు భయపడ్డాను. భయపడాల్సింది ఉక్కపోతకని వచ్చాక తెలిసింది. ఎండ నుంచి నీడలోకి పారిపోవచ్చు, ఉక్క నీడలోనూ వదలదు. స్నానం చేసి ఒళ్లు తుడుచుకుంటే, తువ్వాలు ఆరేసేలోపే మళ్లీ చెమట. తొందరపడి కొన్న కూలర్ గదిలో ఉన్న తేమకు తన వంతు కూడా కలిపింది. దాని గురించి ఇంతకంటే రాయను.

ఏసీ వచ్చాకా తేడా పెద్దగా లేదు. నా గది చిన్నది, యంత్రం పెద్దది. పది నిమిషాల్లో గదిని చల్లబరిచి కంప్రెసర్ ఆగిపోయేది. ఫ్యాన్ మాత్రం తిరుగుతూ, కాయిల్ (లోపలి చల్లటి గొట్టాల చుట్ట) మీద చేరిన నీటిని మళ్లీ గదిలోకే ఊదేది. ఒకవైపు వణుకు, ఒకవైపు జిడ్డు, కింద చెమ్మగిల్లిన పక్క. ఒక రాత్రి విసుగొచ్చి ఆ చుక్క మీట నొక్కాను. గంటన్నర తర్వాత చూస్తే తేమ మీటర్ 76 నుంచి 57 శాతానికి దిగింది. ఉష్ణోగ్రత తగ్గింది రెండు డిగ్రీలే. అయినా మెడ కింద చెమట ఆరిపోయింది, దిండు పొడిగా తగిలింది. కొత్త ఊళ్లో నాకు మొదటిసారి నిండుగా నిద్ర పట్టింది ఆ రాత్రే.

రెండో వేసవిలో దెబ్బ తగిలింది. అర్ధరాత్రి టప్ టప్‌మని చప్పుడు వినిపిస్తే వాన అనుకుని అటు తిరిగి పడుకున్నాను. తెల్లారి చూస్తే ఏసీ కింద ఉన్న పుస్తకాలు ఉబ్బిపోయి ఉన్నాయి. వచ్చిన మెకానిక్ గ్యాస్ తగ్గిందన్నాడు, నింపి డబ్బు తీసుకుని వెళ్లాడు. రెండు రోజులకు మళ్లీ అదే చప్పుడు. ఈసారి బయటికి వెళ్లి, ఏసీ నీళ్లు బయటికి పోయే పైపు చివర చూశాను. గాలి అంత బరువుగా ఉన్న రాత్రి ఆ పైపు కారుతూ ఉండాలి, కానీ ఒక్క చుక్క లేదు. సన్నటి తీగ లోపలికి పోనిచ్చి తిప్పితే నల్లటి జిగురు ముద్ద ఒకటి జారిపడింది, వెనకే నీళ్లు ధారగా! ఎప్పుడూ తడిగా ఉండే పైపులో నాచు, బూజు పేరుకోక ఏమవుతాయి? ఆ రాత్రి పైపు కింద బకెట్టు పెట్టాను. తెల్లారేసరికి సగం నిండింది. అంత నీటి మధ్య అన్నాళ్లూ పడుకున్నానన్నమాట.

మొదట్లో కనిపించిన వాళ్లందరికీ ‘కూల్ మోడ్ అక్కర్లేదు’ అని చెప్పాను. ఆ మాటలో సగం ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. రాత్రి పదింటికీ గది 33 డిగ్రీలుంటే డ్రై మోడ్ ఒక్కటీ చాలదు. ముందు గంటసేపు 26లో కూల్ పెట్టి, తర్వాత దీనికి మారుస్తాను, పైన సీలింగ్ ఫ్యాన్ ఉండనే ఉంది. వాన పడి చల్లబడిన రాత్రి మాత్రం ఇదే అతిగా చలి పుట్టిస్తుంది. ఇంకొకటి, ఆపిన అరగంటకే మీటర్ మళ్లీ ఎగబాకుతుంది. కాయిల్ ఆరాలని ఉత్త ఫ్యాన్ నడిపితే ముక్కవాసన రాదు, కానీ ఆ తేమంతా తిరిగి గదిలోకే వస్తుంది. అందుకే ఆ పని పొద్దున కిటికీలు తెరిచాకే.

ఇంకో అనుమానం కూడా ఉంది. ఒంటికి వేడి అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుందంటారు, నేను వచ్చి మూడేళ్లయింది. ఈ సుఖంలో యంత్రం వాటా ఎంతో, నా ఒంటి వాటా ఎంతో విడదీసి చెప్పలేను. పైగా నాది ఒక్కదాని గది, తలుపు మూసే ఉంటుంది, లోపల తడి బట్టలు ఆరేయను. వంటింటికి తెరుచుకునే పెద్ద హాల్లో ఇది ఇలాగే పనిచేస్తుందని మాట ఇవ్వను. నా మటుకు నేను ఆ తీగ ముక్కను రిమోట్ పక్కనే పెట్టుకున్నాను.